పాత పికప్‌ల రిపేరు గురించి రాయాలనుంది, మామయ్య వద్దంటున్నారు

పేరు వేయొద్దని కోరుతూ ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. కుదించి చెప్తే విషయం ఇది.

ఆయనకి నలభై దాటాయి. పదహారేళ్ల వయసులో మేనమామ షెడ్డులో స్పానర్లు అందిస్తూ మొదలుపెట్టి, కొన్నేళ్లకి పాత పికప్ ట్రక్కుల ఇంజిన్లు సొంతంగా విప్పి బిగించే దాకా వచ్చారు. ఎక్కువగా చేసింది టొయోటా 22ఆర్ ఇంజిన్ మీద. తర్వాత వేరే ఉద్యోగంలో చేరినా చేతిపని మానలేదు. సెలవు రోజుల్లో తన పాత పికప్‌తో పాటు తెలిసినవాళ్ల బండ్లూ చూస్తుంటారు. ఆ పేరు నెమ్మదిగా పాకి, ఇప్పుడు రాత్రి పదింటికి కూడా ఫోన్లు వస్తున్నాయి. "బండి మిస్సింగ్ కొడుతోంది", "సెల్ఫ్ తిరుగుతోంది గానీ స్టార్ట్ కావట్లేదు", "గేర్ పడట్లేదు" అంటూ. చెప్పిందే చెప్పీ చెప్పీ, ఇదంతా ఒకచోట రాసి పెడితే పాత పికప్ ఉన్న ప్రతివాళ్లకీ పనికొస్తుంది కదా అన్న ఆలోచన వచ్చింది. కొన్ని నోటుబుక్కులు నింపేశారు కూడా.

ఈ మాట బయటపెట్టాక చిక్కులు మొదలయ్యాయి. మేనమామ కోపంగా, "నేను చెమటోడ్చి నేర్చుకున్నది నువ్వు ఊరికే పంచిపెడతావా? రేపు నా షెడ్డుకి ఎవడొస్తాడు?" అన్నారట. అప్పటినుంచి మాటలు ముక్తసరిగా ఉన్నాయి. భార్య, "ఉన్న ఒక్క సెలవూ బండి కిందే పోతోంది, ఇక రాత్రుళ్లు రాతలకిస్తారా?" అని అడిగారు. చివరగా ఇంకో సంగతి రాశారు. తెలిసినాయన ఒకరు బ్రేకు పెడల్ మెత్తగా ఉందని ఫోన్ చేస్తే, బ్రేకు పైపుల్లో చేరిన గాలిని, అంటే ఎయిర్ తీసే పద్ధతి చెప్పారు. ఆయన అలాగే చేశారు, పెడల్ గట్టిపడింది. మర్నాడు మలుపు దగ్గర తొక్కితే పెడల్ మెల్లగా అడుగుకి దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగినా బండి వెళ్లి గోడకి తగిలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బ్రేక్ ఆయిల్ ఎక్కడా కారలేదు, డబ్బాలో లెవెల్ కూడా తగ్గలేదు.

"ఆయనకి నా మీద కోపం లేదు, నాకే నిద్ర పట్టట్లేదు. ఒక్కడికి చెప్తేనే ఇలా అయితే అంతమంది చదివేలా రాసే అర్హత నాకుందా? రాయాలా, మానాలా? రాస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? నా ఫోన్ నంబరు వేయాలా?" అని అడుగుతున్నారు.

మీ ఉత్తరంలో మామయ్యగారికి పేజీన్నర దాకా ఇచ్చారు, బ్రేకు సంగతి నాలుగు లైన్లలో ముగించారు. నాకు మాత్రం మిమ్మల్ని ఎక్కువగా తొలుస్తున్నది ఆ నాలుగు లైన్లలోనే ఉందనిపించింది. అందుకే ముందు దాని గురించే మాట్లాడుకుందాం.

మీరు ఫోన్లో చెప్పింది తప్పు పద్ధతేం కాదు. ఒకరు పెడల్ అడుగుదాకా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర గాలి బయటికి పోయే చిన్న మర, నిపిల్, వదిలి మళ్లీ బిగించాలి. ఎక్కడ చూసినా ఇదే ఉంటుంది. కొత్త బండికైతే ఇబ్బంది లేదు. పాత బండి సంగతి వేరని మీకు నేను చెప్పాలా? పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టేది మాస్టర్ సిలిండర్. రోజువారీ నడకలో దాని లోపలి పిస్టన్ తన దారిలో మొదటి భాగం వరకే కదులుతుంది. మిగతా దారి ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉంటుంది. డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది కాబట్టి అక్కడ తుప్పు, మడ్డి పేరుకుంటాయి. ఒక్కసారిగా పెడల్‌ని అడుగంటా తొక్కితే పిస్టన్ మీది రబ్బరు కప్పులు ఆ గరుకు మీదికి వెళ్లి చీరుకుపోతాయి. ఆ తర్వాత ఆయిల్ బయటికి రాదు, లోపల్లోపలే వెనక్కి జారుతుంది. అందుకే కారడం కనిపించదు, లెవెల్ తగ్గదు. పెడల్ మాత్రం కాలి కింద మెల్లగా దిగిపోతుంది. మీరు రాసిన ప్రతి లక్షణమూ దీనికి సరిపోతోంది.

ఇది తెలిసిన మేస్త్రీలు ఎయిర్ తీసేముందు పెడల్ కింద ఒక చెక్కముక్క పెడతారు, పూర్తిగా దిగకుండా. మీ మామయ్యగారి షెడ్డులో అలాంటి ముక్క ఒకటి ఉండే ఉంటుంది, మీరూ అలవాటుగా పెడుతూనే ఉండి ఉంటారు. చేతికి అంత అలవాటైంది కాబట్టే ఫోన్లో నోటికి రాలేదు. అవతలాయన అడిగింది ఎయిర్ గురించి, మీరు చెప్పిందీ ఎయిర్ గురించే. బండి ఎన్నేళ్లది, మాస్టర్ సిలిండర్ ఎప్పుడైనా మార్చారా అని అడిగే తీరిక రాత్రి పదింటి ఫోన్లో ఉండదు.

అంటే సలహా ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం మీరు ఎప్పుడో తీసేసుకున్నారు. రోజూ ఇస్తూనే ఉన్నారు, అది కూడా అన్నిటికన్నా ప్రమాదకరమైన పద్ధతిలో, బండిని చూడకుండా, గబగబా. ఆ గోడ దెబ్బని చూసి రాయడం మానేసి ఫోన్లు మాత్రం కొనసాగిస్తే, ప్రమాదం ఉన్న పని ఉంచుకుని, లేనిదాన్ని వదులుకున్నట్టవుతుంది. రాసేటప్పుడు రెండోసారి చదువుకోవచ్చు. "ఇక్కడ నా చెయ్యి ఇంకేం చేస్తుంది?" అని బండి దగ్గరికెళ్లి చూసుకోవచ్చు. చెక్కముక్క గుర్తొచ్చేది అప్పుడే.

రెండూ మానేయడం కూడా ఒక దారే, దాన్ని తక్కువ చేయను. "నేను ఫోన్లో చెప్పను, బండి తీసుకొస్తే చూస్తాను" అంటే ఎవరూ తప్పు పట్టరు. అప్పుడు వాళ్లు మీకన్నా తక్కువ తెలిసినవాళ్లని అడుగుతారు. ఆ బాధ్యత మాత్రం మీది కాదు. మీకు మనశ్శాంతి అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తే ఈ దారిలో వెళ్లండి, సంజాయిషీ ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

ఏ దారి పట్టినా ముందు చేయాల్సింది ఒకటుంది. ఆ తెలిసినాయన బండి దగ్గరికి వెళ్లి, మాస్టర్ సిలిండర్ విప్పి చూడండి. కప్పులు చీరి ఉంటే మీ చేత్తోనే మార్చి ఇవ్వండి. చక్రాల దగ్గర సిలిండర్లు, రబ్బరు పైపులు కూడా చూడండి, ఒకటి పోయిన వయసులో మిగతావీ అదే వరసలో ఉంటాయి. ఆయన కోపం తెచ్చుకోలేదు సరే, బండి ఇప్పుడు ఏ స్థితిలో తిరుగుతోందో మీ ఉత్తరంలో లేదు. నాకు అదే ఎక్కువ కంగారు పెట్టింది.

రాయాలనే అనుకుంటే, ఎలా రాయాలన్నదానికి దారులు చాలా ఉన్నాయి. నోటుబుక్కుల పేర్లు చూస్తే మీరు అన్ని పికప్‌లకీ అన్ని రిపేర్లూ రాద్దామని బయల్దేరినట్టున్నారు. అది ఒక మనిషి పూర్తి చేయగలిగే పని కాదనిపిస్తోంది. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1948 నుంచి ఉంది, టొయోటా హైలక్స్ 1968 నుంచి ఉంది. పేరు అదే, లోపల బండ్లు వేరు. పైకి తేడా తెలియనివి ఇంకా ఇబ్బంది. 1986 షెవర్లే పెద్ద పికప్‌నీ 1987 పెద్ద పికప్‌నీ పక్కపక్కన పెడితే చాలామంది పోల్చుకోలేరు, పెట్రోలు ఇంజిన్లకి మొదటిదానిలో చాలావరకు కార్బురేటర్, రెండోదానిలో చాలావరకు ఇంజెక్షన్. చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేయడానికి చోక్ ఉండేది కార్బురేటర్‌కే. "పాత షెవర్లే పికప్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాకపోతే చోక్ చూడండి" అని మీరు రాస్తే, 1987 బండివాడు లేని చోక్ కోసం బానెట్ కింద ఒక పూటంతా వెతుకుతాడు. అన్నిటి గురించీ రాయాలంటే ప్రతి మాటకీ ఏ సంవత్సరం, ఏ ఇంజిన్ అని కట్టుకుంటూ పోవాలి. లేకపోతే ఎవరికీ పూర్తిగా వర్తించని మాటలు మిగులుతాయి.

రెండో దారి, మీ చేతికి బాగా తెలిసిన ఒక్క ఇంజిన్ కుటుంబానికే పరిమితం కావడం. 22ఆర్ తీసుకోండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ముందువైపు నుంచి కొన్ని సెకన్లు గలగల శబ్దం, తర్వాత తగ్గిపోవడం. ఈ శబ్దం మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. 1983 నుంచి వచ్చిన ఇంజిన్లలో టైమింగ్ చైన్ (వాల్వుల్ని వేళకి తెరిపించే గొలుసు) ఒంటి వరసది, దాన్ని పట్టే గైడ్లు ప్లాస్టిక్‌వి. అవి పెళుసెక్కి విరుగుతాయి. వదులైన చైన్ ముందు కవరుని ఒరుసుకుంటూ కోస్తుంది. కొన్నాళ్లకి నీళ్లు తిరిగే దారి దాకా కోసేసి, కూలెంట్ ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ పాలలా తెల్లబడగానే అందరూ అనేది ఒకటే, "హెడ్ గ్యాస్కెట్ పోయింది" అని, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్డు కింద ఉండే సీలు. హెడ్డు దించుతారు, గ్యాస్కెట్ మారుస్తారు, మళ్లీ ఆయిల్ తెల్లబడుతుంది. మొదట వినిపించిన ఆ గలగలని ఎవరూ పట్టించుకోరు కాబట్టి. ఇలాంటి పేజీ ఒక్కటి సరిగ్గా రాస్తే ఎన్ని హెడ్లు అనవసరంగా దించకుండా ఆగుతాయో ఆలోచించండి. ఈ దారిలో చదివేవాళ్లు తక్కువే ఉంటారు. ఇంకో కంపెనీ బండివాడు మీ రాత తెరిచి మూసేస్తాడు. చదివినవాడికి మాత్రం ప్రతి వాక్యమూ పని చేస్తుంది.

మూడో దారి, రిపేరు జోలికి పోకుండా లక్షణం నుంచి కారణం దాకా మాత్రమే రాయడం. విప్పడం బిగించడం మేస్త్రికి వదిలేసి, బండి యజమాని ఏం చూడాలి, ఏం వినాలి, మేస్త్రితో ఏం చెప్పాలి అన్నదే చెప్పడం. దీని విలువని మీరు తక్కువ అంచనా వేస్తున్నారనిపించింది. మీ ఉత్తరంలో "అది అందరికీ తెలిసిందే" అని కొట్టిపారేశారు, నిజానికి అది తెలిసినవాళ్లే తక్కువ. పాత బండ్లకి డబ్బు ఎక్కువగా ఖర్చయ్యేది రిపేరుకి కాదు, అనుమానం మీద పార్టులు మార్చడానికి. సెల్ఫ్ బలహీనంగా తిరిగితే బ్యాటరీ మారుస్తారు, తర్వాత సెల్ఫ్ మోటారు మారుస్తారు. ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి అయిన ఎర్త్ పట్టీ తెగిందేమో చూడరు. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ పట్టీ పోతే కరెంటుకి సరైన దారి ఉండదు. అది యాక్సిలరేటర్ కేబుల్ గుండానో చోక్ కేబుల్ గుండానో వెళ్లడానికి చూస్తుంది. సెల్ఫ్ కొట్టాక కేబుల్ వేడెక్కిందంటే అనుమానించాల్సింది ఎర్త్‌నే. ఒక చిన్న మీటరు చేతిలో ఉంటే ఇంకా తేలిక. ఆపి ఉంచిన బండికి బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల దాకా ఉంటే నిండుగా ఉన్నట్టు. 12కి దిగితే చార్జి చాలావరకు అయిపోయినట్టే. ఇంజిన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.4 మధ్య చూపిస్తే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ పని చేస్తున్నట్టు. ఈ మూడు అంకెలు తెలిసిన మనిషికి ఎవరూ ఊరికే బ్యాటరీ అమ్మలేరు.

ఈ మూడో దారి అన్నిటికన్నా సురక్షితం, మామయ్యగారికీ అభ్యంతరం తక్కువ ఉంటుంది. లోటేమిటంటే, సొంత చేత్తో చేసుకోవాలని ఉబలాటపడేవాళ్లకి ఆకలి తీరదు, మీకూ తీరదేమో. నన్నడిగితే రెండోదీ మూడోదీ కలిపి మొదలుపెట్టమంటాను. లక్షణాల సంగతి చాలావరకు ఏ పికప్‌కైనా వర్తించేలా, విప్పే పని మాత్రం మీకు తెలిసిన ఇంజిన్‌కే పరిమితంగా. ఇది నా ఇష్టం మాత్రమే. మీ నోటుబుక్కులు చూసినవాళ్లు ఇంకోలా అనొచ్చు.

బ్రేకులు, స్టీరింగ్, బండి పైకెత్తడం, పెట్రోలు ట్యాంకు. వీటి గురించి అసలు రాయకూడదేమో అని మీకు అనుమానం. రాయకపోతే జనం చేయడం మానరు, ఎలాగో చేసేస్తారు. నా ఉద్దేశంలో వీటికి "ఎలా చేయాలి" కన్నా "ఎక్కడ ఆగాలి" ముందు రావాలి. జాకీ ఒక్కటే ఆధారంగా బండి కింద దూరకూడదు, స్టాండ్లు ఉండాలి, ఇటుకలూ సిమెంటు దిమ్మలూ చెప్పకుండా పగిలిపోతాయి. పెట్రోలు ట్యాంకు చిల్లుపడితే ఇంట్లో వెల్డింగ్ పెట్టే ఆలోచనే వద్దు. ఖాళీ ట్యాంకు కదా అనుకుంటారు, లోపల మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. పాత బ్రేకు లైనింగుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి గాలితో ఊదకూడదు, తడిపి తుడవాలి. వెనక లీఫ్ స్ప్రింగులు ఛాసిస్‌కి తగులుకునే చోట సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమంటే సరే, మొద్దుగా పలికినా, పొరలు రాలినా, సుత్తి లోపలికి దిగబడినా ఆ బండిని ఇక లోడు వేసి నడపకూడదు. ఇలాంటి చోట "తర్వాత ఇలా చేయండి" అనే వాక్యం రాయనే కూడదు. అక్కడితో ఆపి, నిపుణుడైన వెల్డర్‌కి చూపించమనాలి. మీ మామయ్యగారి షెడ్డు ఉన్నది అందుకే కదా.

ఇంకో చిన్న విషయం, చిన్నదే గానీ బోల్టులు విరగ్గొట్టేది. బిగింపు కొలతలు రాసేటప్పుడు అంకె పక్కన యూనిట్ తప్పకుండా ఉండాలి. 80 ఫుట్-పౌండ్లంటే సుమారు 108 న్యూటన్-మీటర్లు. యూనిట్ లేకుండా 108 అని వదిలేస్తే, ఫుట్-పౌండ్ల రెంచ్ ఉన్నవాడు మూడో వంతుకు పైగా ఎక్కువ బిగిస్తాడు. ఇంచ్-పౌండ్లకీ ఫుట్-పౌండ్లకీ మధ్య తేడా పన్నెండు రెట్లు, అక్కడ పొరపాటు పడితే బోల్టు తలే చేతికొస్తుంది. కంపెనీ మాన్యువల్ బొమ్మల్ని ఫొటో తీసి వాడుకోవచ్చా అని కూడా అడిగారు. వద్దు, ఆ బొమ్మలూ వాక్యాలూ వాళ్లవి. కొలతల్ని మీ మాటల్లో చెప్పండి, బొమ్మలు మీ బండి దగ్గర మీరే తీసుకోండి. గ్రీజు మరకలున్న నిజం ఫొటో చదివేవాడికి ఇంకా బాగా అర్థమవుతుంది కూడా.

ఇక మామయ్యగారు. ఆయన మాటలో రెండు బాధలు కలిసిపోయి ఉన్నాయి, మీరు ఒకదానికే జవాబు వెతుకుతున్నారు. "నా షెడ్డుకి ఎవడొస్తాడు" అన్నది బతుకుదెరువు బాధ. దాని గురించి నిజాయితీగానే మాట్లాడండి, "ఏమీ తగ్గదు మామయ్యా" అని తేల్చేయకండి. ప్లగ్గులు, ఆయిల్, ఫిల్టర్లు, చిన్న ట్యూనింగులు కొన్ని తగ్గొచ్చు. బోరు కొట్టించడం, డ్రమ్ములు సాపు చేయించడం, బేరింగులు ప్రెస్ మీద ఎక్కించడం, గేర్‌బాక్స్ విప్పడం మాత్రం రాత చదివి ఎవరూ ఇంట్లో చేసుకోరు. ఇంకో సంగతి ఆయనకే బాగా తెలుసు. పాత పికప్‌ల షెడ్డుకి అసలు ముప్పు చదువరుల నుంచి రాదు, బండ్లు ఒక్కొక్కటే తుక్కుకి వెళ్లిపోవడం వల్ల వస్తుంది. ఎర్త్ పట్టీ మార్చుకోవడం తెలిసినవాడు బండిని అమ్మేయడు. కొన్నాళ్లకి ఇంజిన్ పనికో గేర్‌బాక్స్ పనికో షెడ్డుకే తెస్తాడు.

"నువ్వు ఊరికే పంచిపెడతావా" అన్నది ఇంకో బాధ. ఇది డబ్బుకి సంబంధించింది కాదనుకుంటాను. ఆయన దశాబ్దాల అనుభవం మీ చేతిరాతలో, మీ పేరు మీద బయటికెళ్తోంది, ఆయనకి ఆ సంగతి తెలిసింది నోటుబుక్కులు నిండిన తర్వాత. ముందే వెళ్లి అడిగి ఉంటే ఏమనేవారో గానీ, ఇప్పుడైనా మిగిలిన దారులు ఇవి.

నోటుబుక్కులు పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టొచ్చు, అనుమతి కోసం కాదు, తప్పులు దిద్దమని. అనుమతి అడిగితే కాదనడం తేలిక. తప్పులు దిద్దమంటే చదవాలి, చదివితే "ఇది ఇలా కాదురా" అనకుండా ఉండలేరు. ఆ చెక్కముక్క లాంటివి ఆయన నోటినుంచే వస్తాయి. ఆయనకిష్టమైతే పేరు వేయండి, వద్దంటే "మా మేస్త్రి" అని రాయండి. దీనిలో ఇబ్బంది కూడా ఉంది. ఆయన పద్ధతులు కొన్ని మీరు కాదనాల్సి వస్తుంది. బ్రేకు డ్రమ్ముల దుమ్ముని ఇప్పటికీ గాలితోనే ఊదుతారని మీరే రాశారు. గేర్ ఆయిల్ ఎక్కువ గ్రేడ్ అయితే మంచిదే కదా అని జీఎల్-4 కావాల్సిన పాత గేర్‌బాక్సులో జీఎల్-5 పోస్తే, దానిలోని గంధకం మందులు కొన్ని పాత గేర్‌బాక్సుల ఇత్తడి రింగుల్ని తినొచ్చు. "ముప్పై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం" అని ఆయన అంటే ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి. రాతలో సరైనదే ఉండాలి, ఆయన ఎదుట మాత్రం "పాతవాళ్లు తప్పు చేసేవాళ్లు" అనే వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు. "ఇలా చేయండి" అని రాస్తే చాలు, ఎవరు ఎలా చేసేవారో ఎందుకు?

లేదా ఒక ఒప్పందానికి రావచ్చు. ఆయన సొంతంగా కనిపెట్టిన కిటుకులు, చేయించుకున్న పనిముట్లు కొన్ని ఉంటాయి. వాటిని ఆయన వద్దంటే వదిలేయండి. మాన్యువళ్లలో ఉన్నది, ఏ షెడ్డులోనైనా తెలిసినది ఆయన సొత్తు కాదు, దాన్ని రాయడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ గీత ఎక్కడుందో ఇద్దరూ కూర్చుని గీసుకుంటే గొడవ సగం తగ్గుతుంది.

ఆయన అసలు వినకపోతే, ఆయనకి చెప్పి మీరు రాసుకోవచ్చు. చెప్పకుండా మాత్రం వద్దు. అప్పుడు బంధం కొన్నాళ్లు బిగుసుకుంటుంది, బహుశా చాలాకాలమే. మీ ఉత్తరంలో మామయ్య గురించి రాసిన తీరు చూస్తే ఆ ఖరీదు మీకు చిన్నది కాదు. ఆయన పెద్దవయసు వారు కాబట్టి, ఆ షెడ్డు మూతపడేదాకా ఆగి రాద్దామనే ఆలోచన కూడా మీకు ఉన్నట్టు కనిపించింది. అది నాకు నచ్చలేదు. అప్పటికి దిద్దడానికి ఎవరుంటారు?

మీ ఆవిడ మాటకి పెద్ద విశ్లేషణ అక్కర్లేదు. ఆవిడ రాతల్ని కాదనట్లేదు, ఇంట్లో మీరు లేరని అంటున్నారు. ఫోన్లు ఆపకుండా రాయడం కూడా పెట్టుకుంటే ఆవిడన్నది నిజమే అవుతుంది. వారంలో ఒక రోజు, ఒక గంట మాత్రమే ఫోన్లకి అని పెట్టుకోండి. మిగిలిన టైమ్‌లో సగం రాతకి, సగం ఇంటికి. ఏ సగం ఎప్పుడో ఆవిడనే తేల్చమనండి.

మొదటి పేజీ ఏది రాయాలన్నారు. ఇంజిన్ ఓవర్‌హాల్ వద్దు, ఎంత ఉత్సాహంగా ఉన్నా. "బండి స్టార్ట్ కావట్లేదు" తో మొదలుపెట్టండి. మీ ఫోన్ కాల్స్‌లో ఎక్కువ దాని గురించే కదా. సెల్ఫ్ తిరగట్లేదా, తిరిగి అంటుకోవట్లేదా, అంటుకుని ఆగిపోతోందా, ఈ మూడు వేర్వేరు సమస్యలని తెలిస్తేనే చదివేవాడికి సగం దారి తెలిసినట్టు. రాశాక, రెంచ్ పట్టుకోవడం అంతగా రాని స్నేహితుడొకరికి ఆ పేజీ ఇచ్చి, మీ బండి దగ్గర నిలబెట్టి, అందులో రాసినట్టే చేయమనండి. మీరు పక్కనే ఉండండి, కానీ నోరు విప్పకండి. ఆయన చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ ఒక వాక్యం తక్కువైంది. ఆయన ధైర్యంగా తప్పు బోల్టు విప్పబోతే అక్కడ ఒక హెచ్చరిక తక్కువైంది. అప్పుడు మాత్రం నోరు విప్పి ఆపండి.

ప్రతి పేజీ కింద ఎప్పుడు రాశారో, ఎప్పుడు దిద్దారో తేదీ వేయండి. ఎవరైనా తప్పు చూపిస్తే చప్పుడు కాకుండా మార్చేయకుండా, "ఫలానా చోట ముందు ఇలా ఉండేది, మార్చాను" అని రాయండి. పాత మాట విని పని మొదలుపెట్టినవాళ్లకి అది తెలియాలి.

ఫోన్ నంబరు వేయొద్దు. వేస్తే మళ్లీ రాత్రి పదింటి కాల్సే. ప్రశ్నలు రాసి పంపమనండి. బండి పేరు, సంవత్సరం, ఇంజిన్, ఈమధ్య మార్చిన పార్టులు, ఈ నాలుగూ లేకుండా వచ్చిన ప్రశ్నకి జవాబు రాయకండి, ముందు అవి అడగండి. బ్రేకుల గురించి వస్తే, మాస్టర్ సిలిండర్ ఎప్పటిదో కూడా.